‘వ్యాయామం లేదు’ అని నేను రాసిన ఫారం

నేను డాక్టర్ని కాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ముప్పై నాలుగేళ్ళు తెల్లకోటు వేసుకుని బెంగళూరులో తిరిగినందుకు మా వీధిలో సగం మంది ఇప్పటికీ నన్ను చూడగానే నాలుక బయటపెడతారు. నేను చేసింది ఒక పరిశోధనా కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ పని. రక్తం తీయడం, పాడవకుండా ఉంచడం, అందులో మాకు కావలసింది కొలవడం. చివరి రోజుల్లో నా బల్ల మీద ఏదో పెద్ద హోదా రాసిన చెక్కపలక పెట్టారు గానీ, చేతిలో చుక్కలు కొలిచే పిపెట్ మాత్రం మారలేదు.

మొన్నామధ్య తెలిసిన ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, పనిలో ముఖ్యంగా ఏం చూసుకోవాలి మేడమ్ అని అడిగారు. కాఫీ ఇచ్చి, ఐస్ సంగతీ గ్లవ్స్ సంగతీ చెప్పి పంపించాను. వాళ్ళు గేటు దాటాక, చెప్పాల్సింది చెప్పలేదని తట్టింది. మరచిపోయి కాదు, సిగ్గేసి దాటేశాను. ఆ సిగ్గు ఇప్పుడు పక్కన పెట్టి రాస్తున్నాను.

మేము కొలిచేది ఏమిటంటే

వంకాయ తరిగి గాలికి వదిలేస్తే కాసేపటికి నల్లబడుతుంది కదా. నీళ్ళలో వేస్తే కొంచెం నిదానిస్తుంది. మన ఒంట్లోనూ అలాంటి గొడవే. పీల్చిన ఆక్సిజన్‌తోనే బతుకుతాం, దాన్ని వాడుకునేటప్పుడే కొంత చెడ్డసరుకు కూడా పుడుతుంది. అది కనిపించిన దాన్నల్లా కొరుకుతుంది. దాన్ని పట్టి అణచడానికి ఒళ్ళే కొన్ని ఎంజైములను తయారుచేసి కాపలా పెట్టుకుంటుంది. వాటిలో ముఖ్యమైన మూడింటిని ఎర్ర రక్తకణాల్లో కొలవడం మా పని. వాటి పేర్లు పలకడానికి నాకే ఆర్నెల్లు పట్టింది, కాబట్టి ఇక్కడ కావలి అనే అంటాను.

వయసు, ఆడామగా తేడా, వ్యాయామం. ఈ మూడూ కావలిని ఎలా మారుస్తాయన్నదే మా ల్యాబ్ వెతుకులాట. వయసు మీదపడే కొద్దీ కావలి సాధారణంగా పలచబడుతుంది. నెలసరి ఉన్నన్నాళ్ళు ఆడవాళ్ళకు హార్మోన్ల అండ కొంత ఉంటుంది. రోజూ మితంగా ఒళ్ళు వంచేవాళ్ళకు కావలి గట్టిపడుతుంది. ‘సాధారణంగా’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఒంటికి పుస్తకాలు చదివే అలవాటు లేదు.

మా సారు, ఆయన అలవాటు

మా ల్యాబ్ పెద్ద శ్రీకంఠయ్య సారు. మైసూరు పక్కనుంచి వచ్చిన కన్నడిగుడు. నాతో తెలుగే మాట్లాడేవారు, కాకపోతే ఆ తెలుగులో సగం కన్నడమే ఉండేది. మేము మూడు తరాల కిందట హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో పాతుకుపోయిన వాళ్ళం కాబట్టి నాకది కలగూరగంపలా కాక ఇంటి భాషలాగే వినిపించేది. మంచి మనిషి, తెలివైన మనిషి. ఒక్కటే జబ్బు. మనసులో ఒక కథ కుదిరిందంటే లెక్కలు వచ్చేదాకా ఆగలేకపోయేవారు.

కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజు వాళ్ళ రక్తమే తీయించడం ఆయన అలవాటు. సూది నొప్పి తెలియనివాళ్ళు ఎదుటివాళ్ళ చేయి పట్టుకోకూడదనేవారు. నా రక్తమూ అలాగే తీశారు. ఆ తర్వాత నన్నే ఇంకొకరి రక్తం తీయమన్నారు. భయంలో ఆ ట్యూబును సోడాసీసా కుదిపినట్టు కుదిపాను. కణాలన్నీ పగిలి పైనున్న పసుపు నీరంతా ఎర్రగా మారింది. అలాంటి రక్తాన్ని కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. సారు తిట్టలేదు. ఆ ట్యూబు చీటీ ఊడదీసి నా నోటుపుస్తకం మొదటి పేజీలో అంటించారు. రిటైరయ్యే రోజు చూసుకుంటే అది ఇంకా ఊడలేదు.

అప్పుడే నా ఫారం కూడా నేనే నింపుకున్నాను. వయసు, బరువు, తిండి, జబ్బులు. ‘వ్యాయామం’ అన్న గడిలో ‘లేదు’ అని రాసుకున్నాను. ఆ రోజుల్లో మాది రెండో అంతస్తు, కింద బోరింగు పంపు, ఇంట్లో ఏడుగురు మనుషులు. రోజూ ఎనిమిది బిందెలు పైకి మోసి, బట్టలుతికి, వంట చేసి, బస్సు వెనక పరిగెత్తి ల్యాబ్‌కి వచ్చేదాన్ని. అయినా ‘లేదు’ అనే రాశాను. రాసేటప్పుడు చేయి తడబడలేదు కూడా.

ఆదివారం పరుగువీరులు

ఐటీ కంపెనీలు వచ్చాక మాకు రక్తం ఇచ్చేవాళ్ళకు కొదవ లేకుండా పోయింది. బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసుల నుంచి కుర్రాళ్ళు కార్లలో వచ్చి మరీ ఇచ్చేవారు. వాళ్ళకు ఒక్కటే యావ, పక్కవాడి కంటే తన అంకె ఎక్కువ రావాలి. ఇంటర్ మార్కుల జబ్బు ఇంకా వదలలేదని నేను ఆటపట్టించేదాన్ని.

అందులో ఒకాయన రెండేళ్ళు కుర్చీ వదలకుండా కూర్చుని, ఒక ఆదివారం స్నేహితుల మాట మీద పది కిలోమీటర్లు పరిగెత్తాడు. సోమవారం పొద్దున మెట్లు ఒక్కొక్కటే దిగుతూ మా దగ్గరకొచ్చాడు. కావలి మాట అటుంచి, కణాలు దెబ్బతిన్న గుర్తులే బోలెడు కనిపించాయి. ఆయన కాగితం చూసి, దీనికి ఏ మాత్ర వాడాలి మేడమ్ అని అడిగాడు. మాత్ర కాదు నాయనా, రేపు రెండు కిలోమీటర్లు నడువు, ఎల్లుండి కూడా నడువు అన్నాను. నా మాట రుచించక సారు దగ్గరికి వెళ్ళాడు.

సారు సొరుగు తీసి చూపించారు. నిండా విటమిన్ డబ్బాలు. ఒకప్పుడు ఆయనే గుప్పెడు మాత్రలు మింగి వాకింగ్‌కి వెళ్ళేవారు. ఏడాది తర్వాత తన రక్తం తానే కొలుచుకుంటే కావలి ఎక్కడిదక్కడే ఉంది. కోపంతో మూడుసార్లు నాతో మళ్ళీ కొలిపించారు. అద్దె కాపలాదారులు వస్తూ ఉంటే ఇంటివాళ్ళు బద్ధకిస్తారని ఆయన అంచనా. ఒక్క మనిషి రక్తం చూసి లోకానికంతా తీర్పు చెప్పకూడదు గానీ, ఒంట్లో లోటు ఉందని డాక్టరు చెప్పకుండా మాత్రలు మింగేవాళ్ళను చూస్తే నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

నస్రీన్‌కి దొరకని మనుషులు

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు కర్నూలు నుంచి నస్రీన్ అనే అమ్మాయి పీహెచ్‌డీకి వచ్చింది. మొదటి రోజు తన రక్తం తీస్తే కళ్ళు మూసుకోకుండా ట్యూబు వైపే చూసిన పిల్ల. ఆ పిల్ల పనికొస్తుందని అప్పుడే అనుకున్నాను. ఆమె థీసిస్ మా ల్యాబ్ ప్రశ్నే. చిన్నవాళ్ళు, పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, వ్యాయామం చేసేవాళ్ళు, చెయ్యనివాళ్ళు, ఇలా విడదీసి అందరి కావలినీ పోల్చి చూడాలి.

అన్ని గుంపులూ నిండాయి, ఒక్కటి తప్ప. యాభై దాటిన, వ్యాయామం చెయ్యని ఆడవాళ్ళు దొరకలేదు. అదే వయసు మగవాళ్ళు రిటైరైన గుమస్తాల్లో కావలసినంత మంది దొరికారు. వాళ్ళ భార్యలను అడిగితే మాత్రం, రక్తం తీస్తే నీరసం వస్తుందని ఒకరు, ఆయన్ని అడిగి చెబుతానని ఇంకొకరు తప్పుకున్నారు. ఆఫీసుల్లో ఉన్న ఆడవాళ్ళందరూ పడుచువాళ్ళు.

అప్పుడు బెళ్ళందూరులో పెద్ద అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట కూలీల కోసం ఆరోగ్య శిబిరం పెడుతున్నారని తెలిసింది. వెళ్దామన్న ఆలోచన నాదే. అక్కడున్న ఆడవాళ్ళు చాలామంది కదిరి, పుంగనూరు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. డాక్టర్లు పరీక్షలు చేసి షుగరూ రక్తపు శాతమూ చూసేవారు. మేము మా పరిశోధన సంగతి వాళ్ళకు తెలుగులో వివరించి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గర ఇంకో ట్యూబు తీసుకునేవాళ్ళం. భాష తెలిసినదాన్ని కాబట్టి ఫారాలు నేనే నింపాను.

ఆ వరసలో ఓబుళమ్మ వచ్చింది. కదిరి దగ్గర పల్లె. వయసు యాభై అయిదో అరవయ్యో తనకే తెలీదు. చెయ్యి చాపి, తియ్యిమా నీకు కావాల్సినంత అని నవ్వింది. తిండి సంగతి, జబ్బుల సంగతి అడిగి, వ్యాయామం గడి దగ్గరికి వచ్చాక, వాకింగో యోగానో జిమ్మో ఏమన్నా చేస్తావా అని అడిగాను. వెనకున్న ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. “అట్లాటివి మాకేడుండాయిమా,” అంది ఓబుళమ్మ. నేనూ వాళ్ళతో కలిసి నవ్వి, ‘లేదు’ అని రాశాను. ఆ వరసలో అందరికీ అదే రాశాను.

సారుకు కుదిరిన కథ

ఫలితాలు చూసి సారు కుర్చీలోంచి లేచారు. వ్యాయామం చెయ్యని పెద్దవయసు ఆడవాళ్ళ కావలి రోజూ జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళకు సమానంగా ఉంది. అదే వయసు మగవాళ్ళది దరిదాపుల్లో కూడా లేదు. నెలసరి ఆగాక కూడా ఆడవాళ్ళ ఒంట్లో ఆ అండ ఏదో నిలిచే ఉంటుందని సారు తేల్చేశారు. చాలా ఏళ్ళుగా ఆయన మనసులో ఉన్న మాట అది.

నాకు అనుమానం వచ్చింది. అయితే నా అనుమానమంతా గాజుసామాను మీద. పరీక్షకు వాడే మందులు కొత్తవి కలిపాను, మిషను సరిచేశాను, ఫ్రీజర్‌లో దాచిన ట్యూబులు మళ్ళీ తీసి కొలిచాను. అవే అంకెలు. ట్యూబు అబద్ధం చెప్పడం లేదు. ఫారం వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు, అందులో ఉన్నది నా చేతిరాతే కదా అన్న ధీమా.

నస్రీన్ థీసిస్ పూర్తయింది. స్కాలర్‌షిప్ ఇంకో మూడు నెలల్లో ఆగిపోతుంది. అది ఆగేలోపు థీసిస్ ఇచ్చేస్తే ఒక కాలేజీలో ఉద్యోగం ఖాయమని మాట వచ్చింది. ఆ ఆడవాళ్ళ సంగతే థీసిస్‌కి ఆయువుపట్టు. బైండింగ్‌కి ఏ రంగు అట్ట వేయించాలా అని ముచ్చటపడుతున్న రోజులవి.

నాలుగో అంతస్తు

శిబిరంలో తీసిన షుగరు, రక్తం కాగితాలు డాక్టర్ల దగ్గర నుంచి ఆలస్యంగా మా చేతికొచ్చాయి, ఎవరివి వాళ్ళకు ఇవ్వాలి. ఇద్దరం బెళ్ళందూరు వెళ్ళాం. నస్రీన్ కింద రేకుల షెడ్డు దగ్గర పంచుతూ ఉంటే, ఓబుళమ్మ కాగితం నేను తీసుకున్నాను. ఆమెకు రక్తం తక్కువగా ఉంది, ఆ మాట విడిగా చెప్పాలి. ఎక్కడుందంటే పైన నాలుగో అంతస్తు అన్నారు. లిఫ్టు ఇంకా పెట్టలేదు.

మెట్లెక్కడం మొదలుపెట్టాను. రెండో అంతస్తుకు ఆయాసం వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి ఉంటే, నెత్తిన గుడ్డచుట్ట, దాని మీద తడి సిమెంటు బాండ్లీ పెట్టుకుని ఒకామె నన్ను దాటుకుని పైకి వెళ్ళింది. మూడో అంతస్తు చేరేసరికి అదే మనిషి ఖాళీ బాండ్లీతో కిందికి దిగింది. నాలుగో అంతస్తు ఇంకా అందకముందే మళ్ళీ నిండు బాండ్లీతో నన్ను దాటింది. ఈసారి ఆగి నా మొహం చూసి, బాండ్లీ దించి, పక్కనున్న సిమెంటు మూట మీద నన్ను కూర్చోబెట్టింది. నీళ్ళ సీసా చేతికిచ్చింది.

“రగతం తీసిన మేడమ్మ గదా నువ్వు. ఇంత మాత్రానికే రొప్పుతుండావే,” అంది.

అప్పుడు గుర్తుపట్టాను ఓబుళమ్మని. షుగరు కాగితానికి జతగా ఆమె ఫారం కూడా నా చేతిలోనే ఉంది. అందులో నా గుండ్రటి చేతిరాత. వ్యాయామం: లేదు.

రోజుకు ఎన్ని సార్లు ఎక్కుతావని అడిగాను. లెక్క ఎవరు పెట్టినారుమా అంది. రక్తం తక్కువగా ఉందని, శిబిరం డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్ళి మందులు తీసుకోమని చెప్పాను. సరేనంది. కింద నుంచి మేస్త్రి కేక వేశాడు. బాండ్లీ నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మూట మీద కూర్చుని నేను చాలాసేపు లేవలేకపోయాను. ఆయాసం ఎప్పుడో తగ్గిపోయింది.

రెండు రోజులు నోరు మూసుకున్నాను

ఇక్కడ నిజం రాయకపోతే ఈ వ్యాసం ఎందుకు? కిందికి దిగి నస్రీన్‌తో ఏమీ చెప్పలేదు. బస్సులో తను అట్ట రంగు గురించి మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను. ఆ రోజు శుక్రవారం. శని, ఆదివారాలు ఇంట్లో గిన్నెలు తోముతూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కూలిపని కూలిపనే, వ్యాయామం వ్యాయామమే, ఫారంలో ఉన్న ప్రశ్నే అడిగాను, ఆమె చెప్పిందే రాశాను. నా తప్పేముంది? పిల్ల ఉద్యోగం పోగొట్టడానికి నేనెవర్ని? ఇలా ఎంత సర్దినా ఒక్క సంగతి సర్దుకోలేదు. ఎనిమిది బిందెలు మోసినదాన్ని, నాకు ఆ ప్రశ్న ఎలాంటిదో తెలియదా?

సోమవారం పొద్దున్నే చెప్పేశాను. నస్రీన్ తన బల్ల మీద కాగితాల కట్ట చేత్తో సమానంగా సర్దింది, ఆ అవసరమేమీ లేకపోయినా. కాసేపటికి బాత్రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. ఉద్యోగం పోతుంది కదా మేడమ్ అంది. పోతుంది అన్నాను. వేరే ఏ మాట చెప్పినా అబద్ధమే అయ్యేది. నాకు ఏడుపు వచ్చింది, తనకి రాలేదు.

“సారుకి నేనే చెప్తాను మేడమ్. కానీ మీరు పక్కన నిలబడండి,” అంది.

సారు వినగానే ఎర్రబడ్డారు. పత్రికకు మన పేపరు పంపడానికి రెండు వారాలుంది, ఇప్పుడా ఈ మాట చెప్పేది అన్నారు. ఫారం ఎవరు రాశారని అడిగారు. నేనే సార్ అన్నాను. ఫైలు తెప్పించుకుని ఖాళీ ఫారం పైనుంచి కిందిదాకా చదివారు. అడుగున ఆయన సంతకం ఉంది. దాన్ని వేలితో చాలాసేపు రుద్దారు.

“సంతకం నందే అల్లవా,” అని తనలో తానే అనుకుని ఫైలు మూశారు. ఇది నాదే కదా అని. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు చిత్రాన్నం డబ్బా తెచ్చి మా మధ్య పెట్టి, మళ్ళీ వెళ్ళి అడగండి అన్నారు. ఆయనతో ఎన్ని పేచీలు ఉన్నా, ఆ డబ్బా తెచ్చిన మనిషంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

మళ్ళీ అడగడం

ఈసారి బల్లా కుర్చీ వేసుకోలేదు. మధ్యాహ్నం వాళ్ళు బువ్వకు కూర్చున్నప్పుడు పక్కనే కింద కూర్చున్నాం. ‘ఏం చేస్తావు’ అని కాకుండా, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేశావో చెప్పమని అడిగాం. ఫారంలో పట్టనంత వచ్చింది. నీళ్ళు మోసింది, కట్టెలు తెచ్చింది, వంట చేసింది, బాండ్లీలు మోసింది, సాయంత్రం మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వంట. నస్రీన్ కొత్త పేజీ, దాని మీద ఇంకో పేజీ తిప్పుతూనే ఉంది.

ఆ రాతలు చూసి సారుకు మళ్ళీ కొత్త కథ కుదిరింది. కాయకష్టమే అన్నిటికన్నా గొప్ప వ్యాయామం అని థీసిస్ పేరు మార్చేద్దామన్నారు. ఉద్యోగం జారిపోయిన నస్రీన్‌కి కూడా ఆ మాట ఊరటగానే ఉంది, పని త్వరగా తెమిలిపోతుంది మరి. మర్నాడు వెళ్ళినప్పుడు సంతోషంగా ఆడవాళ్ళతో అంది, మీరు జిమ్‌కి వెళ్ళేవాళ్ళ కంటే ఎక్కువ ఎక్సర్‌సైజ్ చేస్తున్నారు, మీ రక్తం అందుకే అంత గట్టిగా ఉంది అని.

ఎవరూ నవ్వలేదు. ఓబుళమ్మ సంగటి ముద్ద కంచంలో పెట్టేసింది.

“అది వేరే, ఇది వేరే పాపా. వాళ్ళు సాలు అనుకుంటే నిలిపేస్తారు. మాకు సాలో సాలదో మేస్త్రి చెప్పాల,” అంది.

తిరిగి ల్యాబ్‌కి రాగానే నస్రీన్ ఫ్రీజర్ తెరిచింది. కావలి ఒక్కటే కొలిచాం మేడమ్, దెబ్బ కొలవలేదు అంది. నిజమే. పరుగువీరుడికి కొలిచిన దెబ్బ గుర్తులు ఈ ఆడవాళ్ళ రక్తంలో వెతకనే లేదు, అంకెలు అంత బాగున్నాయి కదా అని. మిగిలిన ట్యూబులన్నీ తీసి వరసగా కొలిచాం. వాళ్ళలో చాలామందికి కావలి గట్టిగా ఉన్న మాట నిజం, దెబ్బలూ ఎక్కువే తగులుతున్న మాటా నిజం. విశ్రాంతి లేదు, తిండి చాలదు, కాబట్టి ఒళ్ళు రోజంతా కాపలా కాస్తూనే ఉంది. తలుపు దగ్గర పదిమంది కాపలా ఉన్నారంటే ఆ ఇల్లు భద్రంగా ఉందని మేము మురిసిపోయాం. దొంగలు ఎంతమంది వస్తున్నారో చూడలేదు.

మా కొద్దిమంది రక్తంతో లోకాన్ని తేల్చామని చెప్పను. అయితే మా ల్యాబ్‌లో ఆడామగా తేడా అనుకున్నదాంట్లో చాలా భాగం పని తేడా అని తేలింది. వయసు తన పని తాను చేస్తూనే ఉంది. సారు ఏళ్ళ తరబడి దాచుకున్న కథ చిక్కి సగమైంది. ఆయన దాన్ని కొట్టేసి, పక్కన చిన్నగా ప్రశ్నార్థకం పెట్టారు.

థీసిస్ ఆలస్యమైంది

ఎనిమిది నెలలు ఆలస్యమైంది. ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళిపోయింది. స్కాలర్‌షిప్ ఆగాక నస్రీన్ దేవనహళ్ళిలో ఒక కాలేజీలో వారానికి నాలుగు రోజులు పాఠాలు చెప్పి, మిగతా రోజులు మా దగ్గర పని చేసింది. అంత దూరం బస్సుల్లో తిరిగి చిక్కిపోయింది. నా వల్ల కదా అని నాకు లోపల గుచ్చుకుంటూనే ఉండేది. మధ్యాహ్నాలు తనకోసం ఇంకో డబ్బా తెచ్చేదాన్ని. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు.

మౌఖిక పరీక్ష రోజు బయటి నుంచి వచ్చిన పెద్దాయన మిగతా అధ్యాయాలన్నీ చకచకా తిప్పి, ఈ ఒక్కదాని దగ్గర ఆగారు. వ్యాయామం, వ్యాయామం లేదు అని రెండు వరసలే ఉండాలి కదా, ‘ఆపే వీలు లేని కష్టం’ అన్న ఈ మూడో వరస ఎక్కడిది అని అడిగారు. నేను వెనక కుర్చీలో కొంగు నలుపుకుంటున్నాను. నస్రీన్ ఏ పుస్తకం పేరూ చెప్పలేదు. బెళ్ళందూరులో ఓబుళమ్మ గారని ఒకరు మాకు నేర్పించారు సార్ అని, సాలో సాలదో మేస్త్రి చెప్పాల అన్న ఆమె మాట ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంక అడగడానికి ఏమీ లేదన్నారు. ఇప్పుడు నస్రీన్‌కి సొంత ల్యాబ్ ఉంది. నా ఇంటికి వచ్చిన ఆ ఇద్దరమ్మాయిలూ తన దగ్గరివాళ్ళే.

అమ్మాయిలూ, మీకు ఆ రోజు చెప్పనిది ఇదే. ఐస్ కరిగితే మళ్ళీ తెచ్చుకోవచ్చు. ట్యూబు పగిలితే మళ్ళీ చెయ్యి చాపమని అడగొచ్చు. అంకె మరీ ముచ్చటగా వచ్చిన రోజు మాత్రం మిషను కంటే ముందు ఫారం తీసి చూడండి, అందులోనూ మీరు నవ్వుతూ రాసిన గడి చూడండి.

మొన్న నా వంతు

పాతవాళ్ళందరి రక్తం మళ్ళీ ఒకసారి తీస్తున్నానని పోయిన నెల నస్రీన్ పిలిచింది. వెళ్ళేసరికి బెంచీ మీద ఓబుళమ్మ కూర్చుని ఉంది. మోకాళ్ళు మొరాయించాక బాండ్లీ మానేసి, తాను మోసి కట్టిన ఆ అపార్ట్‌మెంట్లోనే ఇప్పుడు మొక్కలకు నీళ్ళు పోస్తోంది. రక్తం శాతం పెరిగిందట. నన్ను చూసి, ఇంకా రొప్పుతుండావా మేడమ్మా అని పలకరించింది. ఒకటో అంతస్తే కదా, రొప్పలేదని గొప్పగా చెప్పాను.

నస్రీన్ ఫారం తీసింది. అలవాటు కొద్దీ, వ్యాయామం లేదని రాసుకో అన్నాను. తను పెన్ను కింద పెట్టి నవ్వింది. మా ఫారంలో ఆ గడి తీసేసి చాలా కాలమైంది మేడమ్ అంది. నిన్న లేచినప్పటి నుంచి ఏం చేశారో చెప్పమంది. చెప్పాను. పొద్దున పార్కులో రెండు చుట్లు, పూజ, కాఫీ, పేపరు, వంట, నిద్ర, మళ్ళీ ఒక చుట్టు.

“ఆఖరి ప్రశ్న మేడమ్. ఈ పనుల్లో, మీకు చాలనిపించినప్పుడు ఆపగలరా?”

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. బెంచీ మీదున్న మనిషికీ తెలుసు. ఆమె నా వైపే చూస్తోంది. ఎనిమిది బిందెల రోజుల నుంచి ఆ గదిదాకా నన్నెవరూ ఆ మాట అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

“ఇప్పుడు ఆపగలను,” అన్నాను.

నస్రీన్ రాసుకుని, నా రక్తం తీసింది. నేను చీర కొంగు సర్దుకుని లేచి, ఓబుళమ్మకు కుర్చీ ఇచ్చాను.